ముందు చక్రం

ఆ ఏడు కొండసైకిలు పందేలకి వెళ్దామన్నది మా బావ. మా ఆవిడకి అన్న కాబట్టి బావ. అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచే నాకు స్నేహితుడు. పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు తయారుచేసి ఇవ్వడం వాడి పని. ఊళ్ళో అందరూ పళ్ళాయన అనేవాళ్ళు. నేను డ్రైవింగు స్కూల్లో కారు నేర్పేవాణ్ణి. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవాళ్ళకి "పర్లేదు, మెల్లగా వదలండి, నేనున్నాను" అని చెప్పడం, మరీ మీదికొస్తే నా కాలికింది బ్రేకు తొక్కడం నా ఉద్యోగం. ఇద్దరివీ కూర్చుని చేసే పనులే. నలభై దాటేసరికి ఇద్దరికీ పొట్టలు ముందు నడవడం మొదలుపెట్టాయి.

"ఒరేయ్, నలభై దాటినవాళ్ళకి వేరే విభాగం ఉందట," అన్నాడొకరోజు. "అందులో ఉండేవాళ్ళంతా మనలాంటి కుండలే. పరువేం పోదు, పద."

వానలు వెలిసిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మూడు వారాలకొకటి చొప్పున అయిదు పందేలు. ఊరి చివర రాళ్ళ క్వారీ ఉంది, దాని వెనక కొండ. క్వారీ పక్కనుంచి పైకెక్కి, నీలగిరి చెట్ల మధ్య సన్నటి బాటలో మలుపులు తిరిగి, అవతలివైపు రాళ్ళ వాలులో దిగి మొదలుపెట్టిన చోటికే రావాలి. అలా నాలుగు చుట్లు. ఆ రాళ్ళ వాలుకి అందరూ మిక్సీ అని పేరు పెట్టారు. అది దిగాక ఒంట్లో ఏది ఎక్కడుందో ఓసారి తడిమి చూసుకోవాల్సి వచ్చేది. వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు. అయిదు పందేలవీ కలిపి చివర్లో కప్పు. పందెం పూర్తిచేయనివాడికి సున్నా. ఇదంతా నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన మెళ్ళో ఈల నిద్రలోనైనా దిగేదో లేదో నాకు తెలియదు.

పనికి వెళ్ళేముందు రోజూ పొద్దున్నే ఇద్దరం క్వారీ దాకా తొక్కేవాళ్ళం. ఒళ్ళంటుకుపోయే ఆ సైకిలు బట్టల్లో మమ్మల్ని మొదటిసారి చూసిన రోజు వాడి భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను.

"ఏం తమ్ముడూ, ఈ అవతారంలో వీధిలోకే? గట్టిగా చుట్టి కట్టిన పరుపుల్లా ఉన్నారిద్దరూ."

"నవ్వు, నవ్వు," అన్నాడు బావ. "కప్పు తెచ్చి నీ వంటింట్లోనే పెడతాను. ఉప్పు పోసుకో అందులో."

ఆ మాట అన్నప్పుడు కప్పు మా ఇద్దరిలో ఎవరికైనా వస్తుందని మాకు నమ్మకం లేదు. మొదటి పందెంలో వాడు ఆరో వాడు, నేను ఏడో వాణ్ణి. ఎక్కడ కూలబడ్డామో అక్కడే పడుకుని అరగంట ఆకాశం చూశాం. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ పడుకోలేదు.

రెండో పందెంలో నా సైకిలు పంక్చరైంది. చిన్నప్పుడు అద్దె సైకిలు తొక్కినవాణ్ణే గాని, జేబులో ఒక ట్యూబు పెట్టుకోవాలన్న ఇంగితం నాకు లేదు. నా వెనకే వస్తున్న బావ ఆగాడు. ఆగి, తన జేబులోంచి ట్యూబు తీసి, తనే టైరు ఊడదీసి, ఎక్కించి, గాలి కొట్టి ఇచ్చాడు. ఈలోగా ఆరుగురు మమ్మల్ని దాటిపోయారు.

"నువ్వు పోరా, నా కోసం ఎందుకు?" అన్నాను.

"నోర్మూసుకుని పంపు పట్టుకో."

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా అన్నయ్య ఆగాడా?" అని రెండుసార్లు అడిగింది. వాడికి ట్యూబు కొనిచ్చేస్తానని చెప్పాను. వాడికీ చెప్పాను. అదేం పెద్ద పని కాదు. దుకాణం నా స్కూలుకి నాలుగడుగుల దూరం.

మూడో పందెంలో వాడు గెలిచాడు. నేను మూడో వాణ్ణి. ఆఖరి వాలు దాకా ముందున్నది నేనే. చివర మలుపులో పక్కనుంచి ఈల వేసి, నవ్వుకుంటూ దూసుకుపోయాడు. ఆ నవ్వులో ఎక్కడా విషం లేదు, ఆటలో గెలిచిన పిల్లాడి నవ్వు. వాడి ఫొటో సైకిలు దుకాణం గోడకెక్కింది. రెండు రోజుల తర్వాత, రివర్సు చేయడం నేర్చుకుంటున్న ఒకావిడ అద్దంలో చూడడం మానేసి నా వైపు తిరిగింది. "సార్, ఆ ఫొటోలో ఉన్నాయన మీ బావగారట కదా? మీరు కూడా పందేల్లో ఉంటారా?" అంది.

"ఉంటానండీ. వెనక చూడండి," అన్నాను.

అసూయ అంటే ఒళ్ళంతా మండుతుందనుకునేవాణ్ణి. అలా ఏం ఉండదు. పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంటుంది. నొప్పేం ఉండదు గాని నాలిక మాటిమాటికీ అక్కడికే పోతుంది.

మొదటి రెండు పందేలూ గెలిచిన పోస్టుమాస్టరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో మా బావే పైన, నాకంటే మూడు పాయింట్లు ఎక్కువ. ఇంకా రెండు పందేలున్నాయి.

నాలుగో పందెం పొద్దున, నేను బూట్లు కట్టుకుంటుంటే మా ఆవిడ వెనకనుంచి వచ్చి నా చొక్కా వీపు జేబులో ఏదో దోపింది.

"అన్నయ్య ట్యూబు. ఆరు వారాల నుంచి చెబుతున్నా నీ వల్ల కాలేదు. నిన్న నేనే కొనుక్కొచ్చాను. మొదలుపెట్టేముందే ఇచ్చెయ్."

"అలాగే."

మర్చిపోయానని చెప్పుకుంటే బాగుంటుంది. మర్చిపోలేదు. గీత దగ్గర నా పక్కనే నిలబడి వాడు టైర్లు నొక్కి చూసుకుంటున్నాడు. నాకు వీపు మీద జేబు బరువుగా తెలుస్తూనే ఉంది. అయ్యాక ఇద్దాంలే అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు తెలిసే అడుగుతున్నానేమో కూడా.

ఆ రోజు ఎండ తీవ్రంగా ఉంది. నాలుగో చుట్టులో కొండ పైకి చేరేసరికి నా ముందు ఇద్దరే ఉన్నారు: గెలుపు దాదాపు ఖాయమైన బ్యాంకు గుమాస్తా ఒకడు, వాడి వెనక బావ. చెట్ల మధ్య ఒక మలుపు తిరిగేసరికి బావ బాట పక్కన నిలబడి ఉన్నాడు. ముందు టైరు నేలకి అతుక్కుపోయింది.

"ట్యూబుందా రా?"

చాలా మామూలుగా అడిగాడు. పక్కింటివాళ్ళని అగ్గిపెట్టె అడిగినట్టు.

నా చెమట కళ్ళజోడు మీద పడుతోంది. "లేదురా," అన్నాను.

అంతే. ఆ మాట అనడానికి నాకేం కష్టం కాలేదు. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

వాడు టైరు వంక చూశాడు. "నడిపించుకుంటూ దిగితే అరగంట పడుతుందేమో. పది మంది దాటేస్తారు."

అప్పుడైనా ఊరుకుని వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. అబద్ధం ఆడినవాడికి పక్కవాడికి ఏదో ఒక మేలు చేసి పోవాలనిపిస్తుంది కాబోలు. "నడవడమెందుకు? రెండు కిలోమీటర్లేగా. ఎక్కి మెల్లగా దిగిపో. గాలి లేకపోయినా రిమ్ము మోస్తుంది," అన్నాను.

"ముందు చక్రం కదరా?"

"బరువు వెనక్కి వెయ్యి. మెల్లగా పో. పర్లేదు."

నేను స్కూల్లో రోజుకి నలభైసార్లు అనే 'పర్లేదు' అది. అదే గొంతు. స్టీరింగు ముందు కూర్చున్నవాళ్ళు ఎలా తలూపుతారో వాడూ అలాగే తలూపాడు. వెనకనుంచి ఎవరిదో గొలుసు చప్పుడు వినిపించింది.

"నువ్వు పోరా, వాళ్ళొచ్చేస్తున్నారు," అన్నాడు. నన్ను పొమ్మని తొందరపెట్టింది కూడా వాడే.

నేను రెండోవాడిగా వచ్చాను. నీళ్ళు తాగాను. ఎవరో నారింజ తొనలిస్తే తిన్నాను. నాలుగో తొన తింటుండగా డ్రిల్లు మాస్టారు ఈల ఆగకుండా మోగడం మొదలైంది. ఆయన అలా ఊదడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. జనం మిక్సీ వైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. అందరికంటే వెనక.

నలుగురు బావని స్ట్రెచరు మీద మోసుకొచ్చారు. నోరంతా రక్తం. కుడిచెయ్యి మణికట్టు దగ్గర చూడకూడని వైపు తిరిగి ఉంది. నన్ను చూడగానే ఏదో అనబోయి, నోట్లోంచి మాట సరిగ్గా రాక, ఎడమచేత్తో సైగ చేశాడు. సైకిలు ఎక్కడుందని.

మణికట్టు రెండుచోట్ల విరిగింది. పైవరస ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. సాయంత్రానికి ఆసుపత్రి మంచం మీద, చెయ్యి సిమెంటు కట్టులో, దిండుకానుకుని కూర్చుని జోకులేస్తున్నాడు. మాటల్లో గాలి పోతోంది.

"ఊరందరికీ పళ్ళు పెట్టాను. నాకు పెట్టేవాడే లేడు చూడు. పెట్టాల్సిన చెయ్యేమో ఇదీ."

అక్క ఏడుస్తూనే నవ్వింది. "అసలు గాలిలేని సైకిలెక్కి ఎందుకు దిగావు? నడిచి రాకూడదూ?"

"ఏం చెయ్యను? నా దగ్గర ట్యూబు లేకపోయె. వీణ్ణడిగాను. పాపం వీడి దగ్గరా లేదు."

మా ఆవిడ మంచానికి అటువైపు స్టూలు మీద కూర్చుని ఉంది. తలెత్తి నా వంక చూసింది. ఎంతోసేపు కాదు. తర్వాత కూజా అందుకుని, "మంచినీళ్ళు తాగుతావా అన్నయ్యా?" అంది.

ఇంటికొచ్చి స్నానం చేసి వచ్చేసరికి నా చొక్కా బకెట్లో నానుతోంది. ట్యూబు భోజనాల బల్ల మీద, నా కంచం పక్కన ఉంది. అన్నం వడ్డించింది. నేను ముద్ద కలిపాను గాని నోటిదాకా పోలేదు.

"ఉందన్న సంగతే గుర్తు లేదు," అన్నాను.

"అన్నయ్యకి చెప్పిన అబద్ధం చాలదా? మళ్ళీ నాకొకటా?"

అరవలేదు. అరిచి ఉంటే బతికిపోయేవాణ్ణి. గిన్నె మీద మూతపెట్టి, "నేను చెప్పను," అంది. "అది నువ్వు చెప్పాల్సిన మాట. నువ్వు చెప్పేదాకా మాత్రం నీతో కలిసి అన్నయ్యింటికి రాను. నీ పక్కన నిలబడి వాడి మొహం చూడలేను."

అలా మేం విడివిడిగా వెళ్ళడం మొదలైంది. పొద్దున తను వెళ్ళి వదినకి వంటలో సాయం చేసి వచ్చేది. సాయంత్రం నేను వెళ్ళేవాణ్ణి. వాడి పని ఆగిపోయింది. సగంలో ఉన్న పళ్ళ సెట్లు అరల్లో వరసగా కూర్చుని నన్నే చూస్తున్నట్టుండేవి. పక్క ఊరి పనివాడొకడు వచ్చి కొన్ని పూర్తిచేసి పెడితే, స్కూలు కారులో నేనే డాక్టర్లకి చేర్చేవాణ్ణి. నేల ఊడ్చేవాణ్ణి. అచ్చులు కడిగేవాణ్ణి. ఎంత చేస్తే అంత, వాడు పొంగిపోయేవాడు. "సొంత తమ్ముడున్నా ఇంత చెయ్యడు," అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట వినాల్సి వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక పని ఉండేలా చూసుకునేవాణ్ణి.

ఒకరోజు అక్క అడిగేసింది. "ఏం తమ్ముడూ, మరదలు పొద్దున, నువ్వు సాయంత్రం. షిఫ్టులేమన్నా వేసుకున్నారా? గొడవ పడలేదు కదా?"

"లేదక్కా. తనకి సాయంత్రం కుదరట్లేదు," అన్నాను. అది మూడో అబద్ధం. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

అయిదో పందేనికి వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్నాను. బావ ఒప్పుకోలేదు. "నాకెలాగూ లేదు. నువ్వూ వదిలేస్తే ఆ గుమాస్తా ఎగరేసుకుపోతాడు. మన ఇంటికి రావాలిరా అది. నా మీద ఒట్టు," అన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. "సరే, వెళ్తాలే," అన్నాను.

ఆ రోజు బావ చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని వచ్చాడు. అక్క వచ్చింది. అన్నయ్య వచ్చాడు కాబట్టి మా ఆవిడా వచ్చింది. ప్రతి చుట్టులోనూ మిక్సీ కింద నిలబడి, పళ్ళులేని నోటితో వాడు అరుస్తున్న అరుపు కొండంతా వినబడింది. నేను నాలుగో వాడిగా వచ్చాను. మొత్తం పాయింట్ల మీద కప్పు నాకే వచ్చింది.

డ్రిల్లు మాస్టారు కప్పిస్తూ, దెబ్బతిన్న పళ్ళాయన కూడా రెండు మాటలు మాట్లాడాలని మైకు వాడి చేతికిచ్చాడు. వాడికి మైకు కొత్త. దూరంగా పట్టుకున్నాడు.

"ఎక్కువేం లేదు. ఆ రోజు నేను పంక్చరై నిలబడితే దాటిపోయినవాళ్ళు చాలామంది. తప్పని కాదు, పందెం కదా. ఆగి, ఏమైందని పలకరించి, ధైర్యం చెప్పింది మాత్రం మా బావ ఒక్కడే."

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఖాళీ నీళ్ళ సీసాలు రెండు తీసుకుని కుళాయి వైపు వెళ్ళిపోయింది. నేను కప్పు రెండు చేతులతో పట్టుకుని ఫొటోకి నిలబడ్డాను. నవ్వమన్నారు. నవ్వాను కూడా. ఆ ఫొటోలో నేను బాగానే వచ్చాను.

చెప్పింది మరో మూడు వారాలకి. కట్టు విప్పేశారు. చెయ్యి సన్నబడి, వేరేవాళ్ళది అతికించినట్టుంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. వాడు మొదట చేయడానికి కూర్చున్నది తన రెండు పళ్ళే. మధ్యాహ్నం నాకు పాఠాల్లేక వెళ్ళాను. దీపం మంట మీద చిన్న కత్తి వేడిచేసి, మైనం గీకుతున్నాడు. ఒకప్పుడు మాట్లాడుతూ, వీధిలోకి చూస్తూ చేసే పని. ఇప్పుడు ఊపిరి బిగబట్టి చేస్తున్నాడు. అయినా కత్తి జారింది. మైనం పన్ను ఒక పక్క చెక్కుకుపోయింది. మైనం మళ్ళీ కరిగించి మొదటికొచ్చాడు. అది చూసి నాకు ఆగలేదు.

"ఆ రోజు నా జేబులో ట్యూబు ఉందిరా," అన్నాను.

కత్తి మంటలోనే ఉంది.

"ఏ రోజు?"

"అదే రోజు."

"నాకివ్వాల్సిందేనా?" అన్నాడు.

"అదే. మీ చెల్లెలు కొని, నీకిమ్మని పెట్టింది."

"దానికి తెలుసన్నమాట." కత్తి బయటికి తీశాడు. ఎర్రగా కాలి ఉంది. బల్ల అంచున పెట్టాడు. "ఇవ్వను, నాకు గెలవాలనుంది అని చెప్పాల్సింది. తిట్టుకుంటూ నడిచి వచ్చేవాణ్ణి."

నేను నేల చూస్తున్నాను. ఆ పూట ఊడ్చింది నేనే కాబట్టి నేల శుభ్రంగా ఉంది.

"ఒక్కటి చెప్పు," అన్నాడు. "దిగిపో, పర్లేదు అన్నావు. నిజంగానే పర్లేదనుకున్నావా?"

అనుకున్నానని చెప్పే వీలుంది. వాడు నమ్మేవాడు కూడా. నమ్మాలనే అడిగాడేమో.

"అనుకోలేదు," అన్నాను. "అసలు నీ గురించి ఏమీ అనుకోలేదు."

వాడు చాలాసేపు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత దీపం ఆర్పి, ఈ పూటకి చాలన్నాడు. గొంతులో కోపం లేదు. నేను చెప్పులేసుకున్నాను. ఎప్పుడూ వీధి మలుపు దాకా వచ్చేవాడు, ఆ రోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "చెప్పేశాను," అన్నాను. తను చేస్తున్న పని ఆపి నా వంక చూసింది. మంచి పని చేశావనలేదు. "ఆదివారం ఇద్దరం వెళ్దాం," అంది.

ఆదివారం ఇద్దరం కలిసే వెళ్ళాం. తలుపు వాడే తీశాడు. కొత్త పళ్ళు పెట్టుకున్నాడు. ఒకటి కొంచెం వంకరగా ఉంది, పరీక్షగా చూస్తే తప్ప తెలియదు. చెల్లెల్ని చూసి, "రావే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రండి బావగారూ. కూర్చోండి. ఎండ బాగా ఉందా బయట?"

వేళాకోళం అనుకుని వంటింట్లోంచి అక్క ఫక్కున నవ్వింది. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చి, మా మొహాలు ఒక్కొక్కటే చూసి, మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. మా ఆవిడ చెప్పుల పట్టీ విప్పుతూ వంగిన మనిషి ఎంతకీ పైకి లేవలేదు. వాడు ఎడమచేత్తో ఫ్యాను కిందికి కుర్చీ జరిపి, మర్యాదగా నిలబడి ఉన్నాడు, నేను కూర్చుంటే తను కూర్చోవాలని.

"ఉందండీ. బాగానే ఉంది," అన్నాను.

ఆరేళ్ళయింది. రాకపోకలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఒంట్లో బాగోకపోతే కబురు చేసుకుంటాం, ఫలానా తారీఖున వస్తామని ముందే చెప్పి వెళ్తాం. మా మధ్య ఇంతవరకూ ఒక్క మాట తేడా రాలేదు.